శేషాచలానికి డూప్ వేసిన అడవిలో రెండ్రోజులు

ఓ చిన్న పరీక్ష పెడతాను. పక్కవాడి వంక చూడకుండా జవాబు చెప్పండి. 'పుష్ప' సినిమాలో ఎర్రచందనం లారీలు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తిన అడవి ఏది?

"శేషాచలం!" అని నేల తరగతిలోంచి అప్పుడే కేక వినిపించింది. సున్నా మార్కులు!

కథ శేషాచలం కొండలదే. కాని 2021 డిసెంబరులో మనం ఈలలు వేసుకుంటూ చూసిన ఆ అడవి చాలావరకు మారేడుమిల్లిది. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా భద్రాచలం పోయే రోడ్డు మీద సుమారు 85 కిలోమీటర్లు వెళితే వస్తుంది. అక్కడి కొండల్లో ఎర్రచందనం తనంతట తాను మొలవదు. అది కడప, చిత్తూరు, నెల్లూరు వైపు పొడి కొండల సొత్తు. మరి సినిమాలో ఆ దుంగలో? యూనిట్ వాళ్ళు తయారు చేయించుకున్న బొమ్మ దుంగలు. అంటే చెట్టూ డూపే, అడవీ డూపే!

ఇందులో తప్పేమీ లేదు లెండి. 1977లో రామారావుగారు ఫారెస్టాఫీసరై దుండగుల పని పట్టిన 'అడవి రాముడు' అడవి మాత్రం మనదా? తమిళనాట ముదుమలైది. హీరోకి డూప్ వుండగా లేనిది అడవికి వుంటే ఏం పోయింది?

అయితే ఒక్కమాట. డూప్ వేసేవాడికి కూడా ఓ పేరూ, ఓ ఇల్లూ వుంటాయి. తెర మీద పడవంతే. ఆ డూప్‌గారిని ఇంటి దగ్గర చూసొద్దామని బయలుదేరాను నేను. నిజం చెప్పొద్దూ, ఏడెనిమిదేళ్ళ కిందట ఒకసారి చూశాను కూడా. అప్పుడు ఓ షూటింగ్ విశేషాలు రాయడానికి యూనిట్ కారులో వెళ్ళి, యూనిట్ భోజనం చేసి, యూనిట్ కుర్చీలో కూచుని వచ్చాను. ఆ సినిమా పేరు చెప్పను. పెద్దగా ఆడలేదు కూడా.

ఈసారి మాత్రం నడక. రాజమండ్రిలో ప్రకృతి సంరక్షణ అంటూ తిరిగే కొందరు మిత్రులు ప్రతి శీతాకాలం ఓ శని, ఆదివారాలు అడవిలో డేరాలు వేసి, తెలిసినవాళ్ళని తోడు పెట్టుకుని కొండలు తిప్పుతారు. వాళ్ళకో పెద్ద దిక్కు, రిటైరైన బోటనీ లెక్చరర్. అందరూ 'మాస్టారు' అంటారు కనుక నేనూ అంతే అన్నాను.

ఎర్ర చొక్కా హీరో

శనివారం తెల్లవారుజామున రాజమండ్రి బస్టాండులో కలుసుకున్నాం. మొత్తం ఇరవై రెండు మందిమి. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు ఇద్దరు, భార్యాభర్తలు ఓ జంట, నేను. మాస్టారు అందరి వంకా ఎగాదిగా చూసి నా దగ్గర ఆగారు.

"ఆ చొక్కా ఏమిటయ్యా?"

కొత్త చొక్కా. ఎర్రటి ఎరుపు. పిల్లలు ముసిముసిగా నవ్వుతున్నారు. "అడవిలో ఫొటోలు బాగా వస్తాయని..." అని నసిగాను.

"ఫొటోలో నువ్వొక్కడివే వుంటావు మరి. పిట్టలన్నీ పారిపోతాయి" అన్నారాయన. నా సంచిలో వున్న మరో చొక్కా పసుపు పచ్చది! చివరికి బ్యాంకు ఉద్యోగి ఒకాయన తన మట్టిరంగు చొక్కా దానం చేశాడు. రెండు రోజులూ అందులో ఈదుతూ తిరిగాను.

బస్సులోనే షరతులు చదివారు. పాటల పెట్టె మోగించరాదు, నీళ్ళ ప్లాస్టిక్ సీసాలు తేరాదు, పువ్వు కోయరాదు, చెప్పకుండా వాగులో దిగరాదు. ఆఖరి షరతు దగ్గర మాస్టారి గొంతు మారింది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు కొందరు వరదనీటిలో కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎక్కడో పైన కొండ మీద వాన పడితే, కింద ఎండలో నిలబడ్డవాళ్ళ మీదికి నీళ్ళు వస్తాయి. సినిమాలో అయితే వెనకాల వాయిద్యాలు మోగి మనని హెచ్చరిస్తాయి. వాగుకి ఆ అలవాటు లేదు.

రంపచోడవరం రాగానే నాకు కృష్ణగారు గుర్తుకొచ్చారు. మీకూ గుర్తుకు రావాలి. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తీసి ఈ మన్యం కథని ఊరూరి హాల్లో చూపించింది ఆయనే. కాని ఇక్కడి కొండల్లో కోపం రాజుకన్నా పాతది. తమ చెట్టు నుంచి తాము గీసుకునే కల్లు మీద కూడా పెత్తనం మొదలైతే, 1879లోనే రంప జనం తిరగబడ్డారు. ఆ తరవాత అడవి చట్టాలొచ్చి పోడు మీద, కలప మీద ఆంక్షలు పెట్టాయి. 1922లో రాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసేనాటికి ఆ మంట నలభై యేళ్ళ వయసుది. ఈ ముక్క బస్సులో మాస్టారు చెబుతుంటే, వెనక సీట్లో నిద్రపోతున్న కుర్రాళ్ళు కూడా లేచి కూచున్నారు.

అడ్డాకులో అన్నం

మారేడుమిల్లిలో దిగి కొంత దూరం జీపులో, కొంత కాలినడకన వెళ్ళాం. వాగు ఒడ్డున వనసంరక్షణ సమితివాళ్ళు చూపించిన చోట డేరాలు వేశాం. (నా డేరా రెండుసార్లు నా మీదే కూలింది. ఆ దృశ్యానికి వన్స్‌మోర్ కూడా పడింది.) మాకు దారి చూపించడానికి వచ్చినతను కొండరెడ్డి. నలభై యేళ్ళుంటాయేమో. పొట్టిగా, వెదురు గెడలా గట్టిగా వున్నాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. అందరం "అన్నా" అన్నాం. అతను మా అందరినీ, కాలేజీ పిల్లలతో సహా, "అండి" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం అతని ఇంటిదే వండి తెచ్చింది. అన్నం, కందిపప్పు, మిరపకాయ పచ్చడి, వెదురు బొంగులో కాల్చిన కోడి. ఈ బొంగు చికెన్ కోసమే ఇప్పుడు కార్లు కట్టుకుని వస్తున్నారు జనం. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పడమే. నూనె అక్కర్లేదు. రుచి గురించి నేను చెప్పను. చెబితే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోతుంది.

అంతకన్నా నన్ను ఆకట్టుకున్నవి విస్తళ్ళు. పెద్ద పెద్ద ఆకులు, ఒక్కోటి ఎద్దు గిట్టలా మధ్యకి చీలి వున్నాయి. సన్నటి వెదురు పుల్లలతో కుట్టారు. అడ్డాకులట. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ, గుళ్ళో ప్రసాదానికీ వాడే అడ్డాకు విస్తళ్ళు ఇలాంటి కొండల మీంచి దిగేవే. చెట్టు కాదు, తీగ. పెద్ద మానుల్ని చుట్టుకుంటూ పైకంటా పాకి, ఒక మాను మీంచి ఇంకో మాను మీదికి పందిరి వేస్తుంది. దాని నారతో తాళ్ళు పేనుతారు, గింజలు కాల్చుకు తింటారు. ఆకులు కోసి, కుట్టి సంతకి వేస్తారు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళది. ఆ డబ్బూ వాళ్ళ చేతిదే. ఇదంతా మాస్టారు చెబుతుంటే, అన్న భార్య నా విస్తరిలో ఇంకో గరిటె పప్పు వేసి, "కారకుండా కుట్టానండి, తినండి" అంది.

సాయంత్రం అడవి చూపిస్తారనుకున్నాను. గోతాలు చూపించారు! జనం తిరిగే జలపాతం దారిలో చెత్త ఏరాలట. సీసా పెంకులు, చిప్సు సంచులు, గ్లాసులు, ఒంటి చెప్పులు, ఎవరిదో పుట్టినరోజు కేకు అట్టపెట్టె, పేరుతో సహా. పెంకులే అన్నిటికన్నా పాడు పని. అక్కడి పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే దారి అది. చీకటి పడేలోగా తొమ్మిది గోతాలు నిండాయి. కాలేజీ కుర్రాడొకడు, "ఇదంతా సినిమాలు చూసి వచ్చినవాళ్ళ పనేనండీ" అన్నాడు నా వంక చూస్తూ. నేను సినిమాలు తీస్తానా ఏమిటి, రాస్తానంతే! అనుకున్నాను కాని పైకి అనలేదు. ఎందుకు అనలేదో తరవాత చెబుతాను.

మంట లేని రాత్రి

రాత్రి మళ్ళీ నాకు నిరాశే. డేరాల మధ్య పెద్ద నెగడు, చుట్టూ అందరూ, ఎవరో ఒకరు గిటారు... ఇదీ నా ఊహ. అన్న ఒప్పుకోలేదు. "ఎండాకులండి. ఒక్క రవ్వ ఎగిరితే చాలండి" అన్నాడు. ఓ లాంతరు మధ్యలో పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని కూచున్నాం. చలి మాత్రం షరతులేమీ పాటించలేదు.

ఆ లాంతరు దగ్గర మాస్టారు చెప్పిన కథ మీకు చెప్పి తీరాలి. ఏ స్క్రీన్‌ప్లే రచయితా రాయలేడు. కలివికోడి అని ఓ పిట్ట. రాత్రిపూటే తిరుగుతుంది. ఎగరడం కన్నా పరుగెత్తడమే ఇష్టం. 1848లో జెర్డాన్ అనే దొర దాని గురించి లోకానికి చెప్పాడు. 1900 తరవాత ఎవరికీ కనబడలేదు. పుస్తకాల్లో దాదాపు దండ వేసేశారు దానికి. ఎనభై ఆరేళ్ళు గడిచాయి. 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవిలో మళ్ళీ దొరికింది! ఎలా? పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వెతికారు, నిజమే. కాని చీకట్లో టార్చి వెలుతుర్లో దాన్ని పట్టుకున్నది అక్కడి పిట్టల వేటగాడు. ఊరివాళ్ళకి అది ఎప్పుడూ పోలేదు. దానికి వాళ్ళ భాషలో పేరు కూడా వుంది. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు. ఆ తరవాతే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్ళించారు.

"మీ కొండల్లోనూ అలాంటిది ఏమైనా వుందా అన్నా?" అని అడిగిందో అమ్మాయి.

అతను కాసేపు ఆలోచించాడు. "మాకు కనబడకుండా పోయినవి లేవండి. తగ్గినవి వున్నాయండి" అన్నాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాడు. మామిడికాయలు కాయగానే కోసుకు తినరట వాళ్ళు. ఊరంతా కలిసి 'మామిడి కొత్త' పండగ చేసి, దేవతకి పెట్టాకే నోట పెట్టాలి. అలాగే చిక్కుడు కొత్త, సామల కొత్త. పండగ కాకుండా తింటే తప్పు. ఇదేదో మూఢనమ్మకం అనుకోబోయాను. పచ్చి పిందెలు రాలగొట్టకుండా, అందరికన్నా ముందు ఒక్కడే దోచుకోకుండా, కాయ ముదిరి టెంక కట్టేదాకా ఆపే ఏర్పాటు అది. ఆ టెంకల జీడి కూడా పారెయ్యరు. వానాకాలం తిండి లేనప్పుడు చేదు పోయేలా నానబెట్టి, దంచి, అంబలి కాచుకుంటారు. పోడు గురించి నాకు ఓ అభిప్రాయం వుండేది. "అడవి తగలబెట్టి వ్యవసాయమేమిటి?" అని. ఆ రాత్రి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మంట వెయ్యొద్దన్నవాడితోనా అనడం!

ఆదివారం ఉదయం

అయిదింటికి లేపారు. వరసగా, ఒకరి వెనక ఒకరం, మాట్లాడకుండా నడవాలి. మొదటి అరగంట నాకు నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తరవాత్తరవాత అడవి మొదలైంది. అంతకు ముందునుంచీ వుందనుకోండి, నాకు అప్పుడు మొదలైంది.

ఒక చెట్టు మీంచి అయిదారు రకాల కూతలు వస్తున్నాయి. గద్ద కూత కూడా వినిపించింది. ఎన్ని పిట్టలో అనుకున్నాను. ఒక్కటే! నల్లగా, తోకకి రెండు పొడుగాటి ఈకలు, చివర్న చిన్న బ్యాటుల్లా కుచ్చులు. ఇంగ్లీషులో రాకెట్‌టెయిల్డ్ డ్రాంగో అంటారట. పక్షుల్లో మిమిక్రీ ఆర్టిస్టు! కాస్త ముందుకెళ్ళాక బెట్టుడుత కనిపించింది. మన ఇంటి ఉడుతని పిల్లి అంత చేసి, ఎరుపూ నలుపూ రంగులు పులిమి, తోక అతికించినట్టుంది. ఒక మాను మీంచి ఇంకో మాను మీదికి ఇరవై అడుగులు దూకింది. తాడు లేదు, వల లేదు, డూప్ అంతకన్నా లేదు.

హార్న్‌బిల్ జంట మాత్రం చాలా పైన, కొమ్మల్లో. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుండే పెద్ద పిట్టలు. వీటి సంసారం వింటే మన కుటుంబ కథాచిత్రాలు దిగదుడుపే. ఆడపిట్ట పాత చెట్టు తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి, ద్వారం మూసేసుకుంటుంది. గుడ్లు పెట్టి పొదిగే ఆ వారాలన్నీ లోపలే. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తూ వుంటుంది. అతగాడు ఏ వేటగాడికో చిక్కితే లోపల అందరికీ ఆకలే. అందుకే ఈ పిట్టకి పెద్ద పెద్ద పాత మానులే కావాలి. కొత్తగా నాటిన వెయ్యి మొక్కల్లో ఒక్క తొర్ర వుండదు కదా!

అక్కణ్ణుంచి వాగు వెంట దిగాం. ఓ మలుపు తిరిగేసరికి చదునైన జాగా వచ్చింది. మధ్యలో ఏనుగు వీపులాంటి బండ. అటూ ఇటూ రెండు పెద్ద మద్దిమానులు. ఎక్కడో చూసినట్టనిపించింది. బండ చూశాక అనుమానం తీరిపోయింది. నా కుర్చీ సరిగ్గా దాని పక్కనే వేశారు ఆ రోజు.

అన్న మద్దిమాను మొదట్లో వంగి చూపిస్తున్నాడు. తొడ లావున తీగ మొద్దు. కత్తి వేటు పడిన చోట నల్లబడి వుంది. పక్కనుంచి వేలంత పిలకలు రెండు పైకి లేస్తున్నాయి.

"ఇది అడ్డతీగండి. ఈ మాను మీంచి ఆ మాను మీదికి పందిరిలా వుండేదండి. షూటింగోళ్ళు కొట్టించారండి. నీడ పడతందని."

నాకు అంతా గుర్తుంది. పాట తీస్తున్నారు. హీరోయిన్ మొహం మీద ఆకుల నీడ కదులుతోందని ఛాయాగ్రాహకుడు చిరాకు పడ్డాడు. ఎవరో ఓ కత్తి మనిషిని పిలిచారు. పది నిమిషాలు పట్టలేదు. తీగ కూలినప్పుడు పైనుంచి ఎండ గుమ్మరించినట్టు పడింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ వారం నా వ్యాసంలో ఓ వాక్యం రాశాను. 'పది నిమిషాల్లో ప్రకృతిని తన దారికి తెచ్చుకున్నారు' అని. బాగా వచ్చిందని నాకు నేనే మురిసిపోయాను కూడా.

"ఎవరు నరికారన్నా?" అంది నిన్నటి అమ్మాయి కోపంగా.

"నేనేనండి" అన్నాడతను.

ఎవరూ మాట్లాడలేదు. అతనే అన్నాడు. "కూలి బాగానే ఇచ్చారండి. వారం రోజులు లైట్లు మోశాం, మావోళ్ళందరికీ డబ్బులొచ్చాయి. అబద్ధం ఆడకూడదు కదండి. ఆ రాత్రి మా ఇంటిది మాత్రం అన్నం పెట్టలేదండి. ఆవిడ ఆకు కోసుకునే తీగండి అది."

అందరూ ముందుకి కదిలారు. నేను వెనక ఆగాను. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. నా మట్టిరంగు చొక్కాలో నన్నెవరు గుర్తుపడతారు?

"అన్నా, ఆ రోజు నేనూ ఇక్కడే వున్నాను."

అతను నా వంక తేరిపార చూశాడు. "అవునాండి? కుర్చీల్లో కూచున్నోళ్ళలోనా, నించున్నోళ్ళలోనా?"

"కుర్చీలో."

తల ఊపాడు. తప్పుపట్టినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. కాసేపాగి, "ఆ పాట ఎలా వచ్చిందండి? మా పిల్లలు సినిమా మొత్తం చూశారంట. ఈ బండ ఎక్కడా కనబళ్ళేదన్నారు" అన్నాడు.

ఏం చెప్పను? సినిమా నిడివి ఎక్కువైందని ఆ చరణం ఎత్తేశారు.

"ఎడిటింగులో తీసేశారన్నా" అన్నాను.

"ఓహో" అన్నాడు. ఆ పిలకల చుట్టూ వున్న ఎండుపుల్లలు రెండు తీసి పక్కన పడేసి, నడక సాగించాడు.

డేరాలు విప్పేసరికి మధ్యాహ్నమైంది. గోతాలు జీపులోకి ఎక్కించాం. అన్న భార్య చెట్టుకింద కూచుని ఆఖరి భోజనానికి విస్తళ్ళు కుడుతోంది. నేనూ వెళ్ళి పక్కన చతికిలబడి ఓ ఆకు, ఓ పుల్ల తీసుకున్నాను. చూడ్డానికి సులువే. పుల్ల దూర్చి, విరిచి, మళ్ళీ దూర్చాలి. మొదటి ఆకు నిలువునా చిరిగింది. రెండోదీ అంతే. కాలేజీ పిల్లలు గొల్లుమన్నారు. మూడో ఆకు అందుకోబోతే ఆవిడ గంప అవతలికి జరిపేసింది.

"చింపకండి బాబూ" అంది. "అవతల కొండ దాకా పోయి తెచ్చానండి."